చుట్ల లెక్క నుంచి మీటర్ల లెక్కకు

నా పనిబల్ల మీద లోహాన్ని కోసే డిస్కులు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని వ్యాసం 125 మిల్లీమీటర్లు, రెండోదానిది 230 మిల్లీమీటర్లు. చిన్నదాన్ని నిమిషానికి 12,250 చుట్లకు మించి తిప్పరాదని దాని మీద అచ్చు వేసి ఉంది. పెద్దదానికి ఆ హద్దు 6,650 మాత్రమే. ఈ రెండు అంకెలనే చూసినవారికి చిన్న డిస్కు గట్టిదని, పెద్దది అంత నమ్మదగినది కాదని అనిపించడం సహజం. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. అయితే రెండింటి మీదా, ఆ అంకెల పక్కనే, కళ్లు చిట్లించి చూస్తే తప్ప కనబడనంత చిన్న అక్షరాలలో ఇంకొక అంకె ఉంటుంది: సెకనుకు 80 మీటర్లు. అది రెండింటికీ ఒకటే.

ఆ 80 ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవడానికి సూత్రాలేవీ అక్కర లేదు, పరిధి ఎంతో తెలిస్తే చాలు. 125 మిల్లీమీటర్ల వ్యాసాన్ని 3.1416తో గుణిస్తే దాదాపు 393 మిల్లీమీటర్లు, అంటే 0.393 మీటర్లు వస్తుంది. డిస్కు అంచు మీద సుద్దతో ఒక చుక్క పెట్టి ఒక్క చుట్టు తిప్పితే ఆ చుక్క నడిచే దూరం అదే. నిమిషానికి 12,250 చుట్లంటే సెకనుకు 204 చుట్లు, చుట్టుకు 0.393 మీటర్ల చొప్పున 204 చుట్లకు 80 మీటర్ల పైచిలుకు. పెద్ద డిస్కుకు పరిధి 0.723 మీటర్లు, సెకనుకు చుట్లు 111కు కొద్దిగా తక్కువ; ఈ రెండింటినీ గుణించినా వచ్చేది 80 మీటర్లే. అంటే తయారుచేసినవారు డిస్కుకు హద్దు పెట్టింది చుట్లను చూసి కాదు, అంచు వేగాన్ని చూసి. చుట్ల సంఖ్య ఆ అంచు వేగాన్నే ఆయా వ్యాసానికి సరిపడేలా తిరగరాసిన రూపం.

వృత్తాకార చలనంలో చుట్ల సంఖ్యను రేఖీయ వేగంగా మార్చడమన్నది పాఠ్యపుస్తకంలో ఒక్క వరుసలో ముగిసిపోయే విషయం. ఆ ఒక్క వరుసను కంఠస్థం చేసినవారు కూడా లెక్క దగ్గరికి వచ్చేసరికి తడబడడం నేను చాలాసార్లు చూశాను, నేనూ తడబడ్డాను. కారణం సూత్రం కష్టమైనది కావడం కాదు. తిరుగుతున్న వస్తువును చూసి "దీని వేగం ఎంత?" అని అడగడమే అసంపూర్ణమైన ప్రశ్న కావడం. చుట్ల వేగం మొత్తం చక్రానిది, రేఖీయ వేగం చక్రం మీద ఉన్న ఒక్కో బిందువుది. ఇరుసు పక్కన ఉన్న బిందువు, అంచున ఉన్న బిందువు ఒకే సమయంలో ఒకే కోణం తిరుగుతాయి. కానీ ఆ కోణాన్ని పూర్తిచేయడానికి మొదటిది చిన్న వృత్తం మీద నాలుగు అడుగులు వేస్తే, రెండోది పెద్ద వృత్తం మీద పరుగు తీయవలసి వస్తుంది. కనుక "ఇరుసు నుంచి ఎంత దూరంలో?" అన్న మాట చేరేదాకా వేగం గురించిన ప్రశ్నకు జవాబు ఉండదు.

దూరం చేరిన తరువాత మిగిలేది గుణకారమే. వ్యాసాన్ని 3.1416తో గుణిస్తే ఒక చుట్టుకు నడిచే దూరం. నిమిషానికి చుట్లను 60తో భాగిస్తే సెకనుకు చుట్లు. రెండింటి లబ్ధం సెకనుకు ఇన్ని మీటర్లన్న వేగం. 3.1416కు బదులు ఆ గ్రీకు అక్షరం పేరును తెలుగులో రాస్తే "పై వ్యాసం", "పై చుట్టు" అని చదివి పైనెక్కడో ఉన్నదాని కోసం వెతికే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడ అంకెనే వాడుతున్నాను. ఈ రెండు మెట్ల పద్ధతి కాస్త నిదానమైనదే అయినా ప్రతి మెట్టు దగ్గరా చేతిలో ఉన్న అంకెకు ఒక అర్థం ఉంటుంది. అన్నింటినీ ఒక్కసారిగా గుణించేసేవారికి ఆ సౌకర్యం ఉండదు. చివర్లో వచ్చిన అంకె తప్పైతే ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకోవడానికి మెట్లే ఉండవు.

కంటికి కనబడేదానికీ అసలు వేగానికీ పొంతన లేకపోవడానికి పెద్ద గాలిమరలు మంచి ఉదాహరణ. 60 మీటర్ల పొడవు రెక్కలున్న మర నిమిషానికి 12 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో చుట్టుకు అయిదు సెకన్లు. దూరం నుంచి చూసేవారికి బద్ధకంగా తిరుగుతున్నట్లు కనబడుతుంది. కానీ రెక్క కొన గీసే వృత్తం పరిధి 377 మీటర్లు, దాన్ని అయిదు సెకన్లలో చుట్టిరావాలంటే సెకనుకు 75 మీటర్లు, గంటకు 270 కిలోమీటర్ల వేగం కావాలి. నా బల్ల మీద చెవులు హోరెత్తించే చిన్న డిస్కు అంచు వేగానికీ ఆ మందగమన రెక్క కొన వేగానికీ పెద్ద తేడా లేదు. చుట్లలో వెయ్యి రెట్ల తేడా, వ్యాసార్థంలో దాదాపు వెయ్యి రెట్ల తేడా, రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి.

ఇక రేడియన్ సంగతి. చాలామందికి ఈ పాఠం మీద విరక్తి పుట్టేది ఇక్కడే. వృత్తాన్ని 360 డిగ్రీలుగా విభజించడం మనుషులు పెట్టుకున్న ఏర్పాటు. వృత్తానికి ఆ 360తో ఏ బంధుత్వమూ లేదు. రేడియన్ అలా కాదు. ఒక వృత్తం వ్యాసార్థమంత పొడవు దారాన్ని తీసుకొని దాన్ని అదే వృత్తం అంచు వెంట పరిస్తే, ఆ దారం కేంద్రం దగ్గర చేసే కోణం ఒక రేడియన్. దాని విలువ దాదాపు 57.3 డిగ్రీలు, పూర్తి చుట్టుకు 6.2832 రేడియన్లు. ఈ నిర్వచనంలోనే మన మార్పిడి అంతా ఇమిడి ఉంది: అంచు మీద నడిచిన దూరాన్ని వ్యాసార్థంతో భాగిస్తే కోణం రేడియన్లలో వస్తుంది, కనుక రేడియన్లను వ్యాసార్థంతో గుణిస్తే దూరం వస్తుంది. సెకనుకు ఎన్ని రేడియన్లో తెలిస్తే, అంటే కోణీయ వేగం తెలిస్తే, దాన్ని వ్యాసార్థంతో గుణించడంతోనే రేఖీయ వేగం చేతికొస్తుంది. పొడవును పొడవుతో భాగించగా వచ్చినది కాబట్టి రేడియన్‌కు కొలమానం భారం లేదు. మీటర్లతో గుణించినప్పుడు జవాబులో అది కనబడకుండా పోవడం మోసం కాదు. అన్నట్టు, ఈ మాట అచ్చులో మొదటిసారి కనబడింది 1873లో, బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీలో జేమ్స్ థామ్సన్ అనే ఆచార్యుడు తయారుచేసిన పరీక్ష ప్రశ్నలలో. విద్యార్థులను ఈనాటికీ పరీక్షల్లోనే ఇబ్బంది పెడుతున్న పదం పరీక్షపత్రంలోనే పుట్టిందన్నమాట.

నిమిషానికి చుట్లను సెకనుకు రేడియన్లుగా మార్చాలంటే 6.2832తో గుణించి 60తో భాగించాలి, అంటే 9.55తో భాగించినట్లే. ఈ 9.55 అనే అంకెను గుర్తుంచుకోవడం నాకు చాలాచోట్ల పనికివచ్చింది, అయితే లెక్క చేయడానికి కంటే తప్పు పట్టుకోవడానికే ఎక్కువ పనికివచ్చింది. అదెలాగో చెప్పాలంటే నా సైకిల్ కథ చెప్పాలి.

కొన్నేళ్ల కిందట సైకిల్‌కు సొంతంగా ఒక వేగసూచిక తయారుచేసుకుందామనుకున్నాను. ముందు చక్రం స్పోకుకు చిన్న అయస్కాంతం, ఫోర్కుకు దాన్ని పసిగట్టే సెన్సర్, హ్యాండిల్ మీద చిన్న తెర. అయస్కాంతం సెన్సర్‌ను దాటిన ప్రతిసారీ ఒక చుట్టు లెక్క. చక్రం వ్యాసం 66 సెంటీమీటర్లు. తీరిగ్గా తొక్కుతుంటే చక్రం నిమిషానికి 120 చుట్లు తిరిగింది. తెర మీద మాత్రం గంటకు 30 కిలోమీటర్లని కనబడింది. పక్కన ఇంకో సైకిల్ మీద వస్తున్న మిత్రుడు ఆ అంకె చూసి నవ్వాడు, ఎందుకంటే మేమిద్దరం కబుర్లు చెప్పుకుంటూ పోతున్నాం, ఒక్కరికీ ఆయాసం లేదు. ఇంటికి వచ్చి కాగితం మీద వేసి చూస్తే పరిధి 2.07 మీటర్లు, సెకనుకు రెండు చుట్లు, సెకనుకు 4.15 మీటర్లు, 3.6తో గుణిస్తే గంటకు 15 కిలోమీటర్లు. తెర చూపించింది సరిగ్గా దానికి రెట్టింపు. వ్యాసార్థం అడిగిన చోట నేను వ్యాసం రాసేశానని అప్పుడు తెలిసింది. టేపుతో కొలవగలిగేది వ్యాసమే, సూత్రం అడిగేది వ్యాసార్థం. ఈ తగవు ఎప్పటికీ ఉండేదే.

ఆ రోజు నుంచి నాకొక అలవాటయింది. జవాబు తప్పుగా వచ్చినప్పుడు, ఎంత తప్పో కాదు, ఎన్ని రెట్లు తప్పో చూస్తాను. ఈ లెక్కలో ప్రతి పొరపాటుకూ దాని సొంత వేలిముద్ర ఉంటుంది. జవాబు రెట్టింపో సగమో అయితే వ్యాసమూ వ్యాసార్థమూ తారుమారయ్యాయి. 9.55 రెట్లు ఎక్కువైతే నిమిషానికి చుట్లను నేరుగా వ్యాసార్థంతో గుణించేశారు. ఆ సైకిల్ లెక్కనే అలా చేస్తే 4.15కు బదులు 39.6 వస్తుంది. 6.28 రెట్లు తక్కువైతే సెకనుకు చుట్లు కనుక్కున్నారు గానీ వాటిని రేడియన్లు చేయడం మరిచారు. 60 రెట్లు ఎక్కువైతే నిమిషం నిమిషంగానే ఉండిపోయింది. 57.3 రెట్లు ఎక్కువైతే డిగ్రీలను రేడియన్లనుకున్నారు. 3.6 రెట్లయితే మీటర్లకూ కిలోమీటర్లకూ మధ్య జారిపడ్డారు. విద్యార్థి కాగితం చూసినప్పుడు అడుగడుగూ తరచి చూడనక్కర లేకుండా, అతని జవాబును సరైన జవాబుతో భాగిస్తే చాలు, తప్పు తనంతట తానే బయటపడుతుంది.

సైకిల్ కథలో ఇంకో చిన్న అంశం మిగిలింది. వ్యాసార్థం సరిదిద్దిన తరువాత కూడా నా పరికరం అసలు దూరం కంటే కాస్త ఎక్కువే చూపించేది. నేల మీద సుద్దగీత గీసి, టైరు మీద దానికి ఎదురుగా మరో గుర్తు పెట్టి, సీటు మీద కూర్చొని నెమ్మదిగా సరిగ్గా ఒక్క చుట్టు ముందుకు పోయి, టైరు గుర్తు మళ్లీ నేలను తాకిన చోట మరో గీత గీసి కొలిచాను. 204 సెంటీమీటర్లు వచ్చింది. ఖాళీ చక్రం వ్యాసం నుంచి లెక్క కట్టిన 207 కాదు. మనిషి బరువుకు టైరు అడుగున నొక్కుకుపోయి, ఇరుసు నేలకు కాస్త దగ్గరవుతుంది; దొర్లే చక్రానికి పనిచేసే వ్యాసార్థం టేపుతో కొలిచిన వ్యాసార్థం కాదు. సైకిల్ వేగసూచికలు అమ్మేవారు వ్యాసాన్ని కాక దొర్లినప్పటి పరిధినే మిల్లీమీటర్లలో అడగడానికి కారణం ఇదే, ఈ విషయంలో వారిది చాలా సరైన పద్ధతని నా అభిప్రాయం. అయస్కాంతాన్ని ఇరుసుకు దగ్గరగా జరిపితే వేగం తక్కువ చూపిస్తుందా అని ఆ మిత్రుడే తరువాత అడిగాడు. చూపించదు. అయస్కాంతం ఎక్కడున్నా చుట్టుకు ఒక్కసారే సెన్సర్‌ను దాటుతుంది. మారేది అది సెన్సర్ ముందు నుంచి దాటిపోయే వేగమే. రిమ్ము దగ్గర పెడితే మరీ త్వరగా దాటిపోయి సెన్సర్‌కు చిక్కకపోవచ్చు, అంతే తేడా.

దొర్లడం గురించి మాట వచ్చింది కాబట్టి ఒక్క హెచ్చరిక. కోణీయ వేగాన్ని వ్యాసార్థంతో గుణిస్తే వచ్చేది ఇరుసుతో పోల్చినప్పటి అంచు వేగం. చక్రం జారకుండా దొర్లుతున్నప్పుడే అది బండి వేగంతో సమానం అవుతుంది. అప్పుడు నేలను తాకుతున్న బిందువు ఆ క్షణానికి నేల మీద నిశ్చలంగా ఉంటుంది, పైన ఉన్న బిందువు బండి వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. అదే చక్రం బురదలో కూరుకుపోయి ఉన్నచోటే తిరుగుతుంటే అంచు వేగం అలాగే ఉంటుంది, బండి వేగం మాత్రం సున్నా. చక్రం చుట్లను బట్టి పనిచేసే వేగసూచిక ఆ సమయంలో కూడా నిర్భయంగా ఏదో ఒక వేగం చూపిస్తూనే ఉంటుంది.

వ్యాసార్థంతో పాటు వేగం మారుతుందన్న సంగతి నాకు నిజంగా చేతికి తగిలింది లేతు మీద, అంటే లోహాన్ని తిప్పుతూ పనిముట్టుతో చెక్కే యంత్రం మీద. 60 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు కడ్డీని చక్‌లో, అంటే దాన్ని పట్టి తిప్పే బిగింపులో, బిగించి దాని ముఖాన్ని చదును చేయాలి. హై స్పీడ్ స్టీల్ పనిముట్టుతో మెత్తని ఉక్కును కోసేటప్పుడు నిమిషానికి 30 మీటర్ల కోత వేగం మామూలుగా పాటించేది. లేతు దగ్గర వ్యాసం మిల్లీమీటర్లలో, వేగం నిమిషానికి మీటర్లలో ఉంటుంది కాబట్టి అక్కడి సూత్రంలో 60తో భాగించడం ఉండదు, 1000తో భాగించడం ఉంటుంది. ఆ లెక్కన నిమిషానికి 160 చుట్లు సరిపోతాయి. బయటి అంచు నుంచి పనిముట్టు లోపలికి కదలడం మొదలుపెట్టగానే తునక చక్కగా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. సగం దూరం వచ్చేసరికి కడ్డీ అవే 160 చుట్లు తిరుగుతున్నా, పనిముట్టు మొన దగ్గర వ్యాసం 30 మిల్లీమీటర్లే కాబట్టి కోత వేగం 15 మీటర్లకు పడిపోయింది. కేంద్రానికి 3 మిల్లీమీటర్ల దూరంలో అది నిమిషానికి 3 మీటర్లు. అక్కడ లోహం తెగడం మాని చిరగడం మొదలుపెట్టింది. నునుపు పోయి గరుకు వచ్చింది. నట్టనడుమ, వేగం సున్నా అయిన చోట, చిన్న బొడిపె ఒకటి మిగిలిపోయింది. మొన సరిగ్గా కేంద్రం ఎత్తులో లేకపోవడం కూడా బొడిపెకు కారణమే, కానీ దాని చుట్టూ ఉన్న గరుకుకు కారణం వేగం పడిపోవడమే. చదునైన ముఖాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అంచు దగ్గర అద్దంలా, లోపలికి పోయేకొద్దీ మసకగా కనబడింది. కోణీయ వేగం స్థిరం, రేఖీయ వేగం వ్యాసార్థానికి అనులోమం అని పుస్తకంలో చదివిన వాక్యం ఆ లోహం మీద చెక్కి ఉంది.

కంప్యూటరు నడిపే లేతుల్లో దీనికి పరిష్కారం ఉంది. స్థిర ఉపరితల వేగం అనే పద్ధతి పెడితే, పనిముట్టు లోపలికి వచ్చేకొద్దీ యంత్రమే చుట్లు పెంచుతూ పోతుంది. అయితే వ్యాసార్థం సున్నాకు దగ్గరయ్యేకొద్దీ కావలసిన చుట్లకు అంతు ఉండదు: 6 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర 1,600 చుట్లు, 1 మిల్లీమీటరు దగ్గర 9,500కు పైగా, కేంద్రం దగ్గర అనంతం. కనుక ప్రోగ్రాములో గరిష్ఠ చుట్ల హద్దు ముందే రాసి పెట్టాలి. ఆ ఒక్క వరుస మరిచిపోతే యంత్రం తన శక్తి మేరకు వేగం పెంచుకుంటూ పోతుంది, చక్‌లో వదులుగా ఉన్న కడ్డీ ఉంటే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం.

ఇదే చిక్కును సంగీతం వినిపించే పళ్లేలు రెండు విధాలుగా ఎదుర్కొన్నాయి. ఎల్‌పీ రికార్డు మొదటి పాట నుంచి చివరి పాట దాకా నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది, చుట్టుకు 1.8 సెకన్లు. బయటి గాడి వ్యాసార్థం సుమారు 146 మిల్లీమీటర్లు కాబట్టి అక్కడ ముల్లు కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు సాగుతుంది; లోపల 60 మిల్లీమీటర్ల దగ్గర 21 సెంటీమీటర్లే. ఒక సెకను సంగీతాన్ని రాయడానికి అక్కడ సగం కంటే తక్కువ చోటు దొరుకుతుంది, కనుక చివరి పాటల్లో సన్నని హెచ్చు స్వరాలు కాస్త మసకబారతాయి. 1982లో అమ్మకానికి వచ్చిన సీడీ దీనికి తలకిందులు. అందులో స్థిరంగా ఉండేది రేఖీయ వేగం, సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య, చుట్లే మారుతుంటాయి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుకుంటూ పోతుంది కాబట్టి మొదట్లో నిమిషానికి 500 చుట్ల దరిదాపుల్లో తిరిగి, చివరికి 200కు దిగుతుంది. సెకనుకు 1.25 మీటర్లనుకొని 25 మిల్లీమీటర్ల వ్యాసార్థం దగ్గరా, 58 మిల్లీమీటర్ల దగ్గరా మీరే లెక్క వేసి చూడండి. 477, 206 వస్తాయి.

బెల్టు విషయం త్వరగా చెప్పేస్తాను. ఒకే ఇరుసు మీద ఉన్న బిందువులకు చుట్లు సమానం, వేగాలు వేరు. ఒకే బెల్టు తగులుకున్న రెండు కప్పీలకు అంచు వేగం సమానం, చుట్లు వేరు. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారుకు 75 మిల్లీమీటర్ల కప్పీ ఉంటే బెల్టు సెకనుకు 5.65 మీటర్లు పరిగెత్తుతుంది, అది 300 మిల్లీమీటర్ల కప్పీని నిమిషానికి 360 చుట్లే తిప్పుతుంది. పళ్లచక్రాలకూ ఇదే నియమం. ఏది సమానంగా ఉంది, ఏది మారుతోంది అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే ఈ లెక్కల్లో సగం చిక్కు విడిపోతుంది.

వ్యాసార్థం అన్న మాట కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. అది ఇరుసు నుంచి లంబంగా కొలిచిన దూరం కావాలి, కేంద్రం నుంచి కొలిచింది కాదు. చదునైన చక్రంలో రెండూ ఒకటే కాబట్టి తేడా తెలియదు, గోళంలో తెలుస్తుంది. భూమధ్యరేఖ మీద నిలబడ్డ మనిషి 6,378 కిలోమీటర్ల వ్యాసార్థమున్న వృత్తం మీద సెకనుకు 465 మీటర్ల వేగంతో తిరుగుతుంటాడు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర భూకేంద్రం నుంచి దూరం దాదాపు అంతే అయినా అక్షం నుంచి దూరం సగమే, కనుక వేగమూ సగమే. ధ్రువం దగ్గర ఏమీ లేదు, ఉన్నచోటే రోజుకొక చుట్టు. 465 రావాలంటే 24 గంటలు కాక, నక్షత్రాలతో పోల్చి చూసిన భ్రమణ కాలం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు తీసుకోవాలి. 24 గంటలు తీసుకుంటే 464 వస్తుంది. గడియారంలోని గంటల ముల్లు కంటే భూమి సగం నిదానంగా తిరుగుతుందన్న సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ముల్లు రోజుకు రెండు చుట్లు, భూమి ఒక్కటి. అంత నిదానపు చుట్టులో నుంచి ధ్వని కంటే ఎక్కువ వేగం పుట్టించింది వ్యాసార్థమే.

ఇంతసేపూ వేగం అంటూ వచ్చాను గానీ నిక్కచ్చిగా మాట్లాడితే ఈ లెక్క ఇచ్చేది వడిని, అంటే పరిమాణాన్ని మాత్రమే. వేగానికి దిశ కూడా కావాలి, ఆ దిశ ప్రతి బిందువు దగ్గరా స్పర్శరేఖ వెంట ఉంటుంది. ఈ కోత డిస్కులను తిప్పే గ్రైండర్ నుంచి నిప్పురవ్వలు ఎగిరే తీరు చూడండి. అవి కేంద్రం నుంచి బయటికి కిరణాల్లా చిమ్మవు. డిస్కు లోహాన్ని తాకిన చోట దాని అంచుకు గీసిన స్పర్శరేఖ వెంటే బాణాల్లా పోతాయి. డిస్కు ముక్క విరిగితే అదీ ఆ దారినే, ఆ వేగంతోనే పోతుంది. గ్రైండర్‌కు గార్డు, అంటే డిస్కును కప్పే రక్షణ తొడుగు, ఏ వైపు తిరిగి ఉండాలో నిర్ణయించేది ఈ స్పర్శరేఖే. సమ వడితో తిరుగుతున్నా దిశ క్షణక్షణం మారుతున్నది కాబట్టి త్వరణం ఉంటుంది. అది కేంద్రం వైపు ఉంటుంది. దాని విలువ వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించినంత. ప్రయోగశాలల్లో సెంట్రిఫ్యూజ్ (ద్రవాలను వేగంగా తిప్పి అందులోని పదార్థాలను వేరుచేసే యంత్రం) వాడేవారు 3,000 చుట్లు అని మాత్రమే రాసి ఊరుకోకూడదనడం అందుకే: 10 సెంటీమీటర్ల వ్యాసార్థం దగ్గర ఆ చుట్లకు గురుత్వ త్వరణానికి వెయ్యి రెట్ల త్వరణం వస్తే, 15 సెంటీమీటర్ల దగ్గర పదిహేను వందల రెట్లు వస్తుంది.

డిస్కు లోపలి పదార్థం మీద పడే ఒత్తిడి కూడా అంచు వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అందుకే హద్దును అంచు వేగంలో పెట్టారు. ఒక వర్క్‌షాపులో గార్డు ఊడదీసిన చిన్న గ్రైండర్‌కు 230 మిల్లీమీటర్ల డిస్కు బిగించి ఉండడం నేను చూశాను. చిన్న డిస్కులు అయిపోయాయట, రంధ్రం కొలత ఒకటే కాబట్టి పెద్దది సులువుగా పట్టిందట. ఆ యంత్రం మీద 11,000 చుట్లని రాసి ఉంది. 0.723 మీటర్ల పరిధిని సెకనుకు 183 చుట్లతో గుణిస్తే 132 మీటర్లు, గంటకు 475 కిలోమీటర్లకు పైనే. హద్దు 80. వేగం 1.65 రెట్లు, ఒత్తిడి దాదాపు 2.7 రెట్లు. ఆ లెక్కను అక్కడే అట్టపెట్టె మీద పెన్సిల్‌తో వేసి చూపించాను. బిగించిన కుర్రవాడు ఆ 2.7 వైపు కాసేపు చూసి, మాట్లాడకుండా ప్లగ్గు పీకి, పానా కోసం లేచాడు.

డిస్కు విప్పుతూ అతను అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. పెద్ద డిస్కు అరిగి అరిగి 125 మిల్లీమీటర్లకు వచ్చాక దాన్ని చిన్న గ్రైండర్‌కు పెట్టుకోవచ్చు కదా, అప్పుడు అంచు వేగం హద్దులోనే ఉంటుంది కదా అన్నాడు. గుణకారం ప్రకారం అతని మాట నిజమే: 125 మిల్లీమీటర్లు, 11,000 చుట్లు, సెకనుకు 72 మీటర్లు. అయినా పెద్ద యంత్రం మీద అరిగిన డిస్కును చిన్న యంత్రానికి వాడరాదని గ్రైండర్‌తో వచ్చే సూచనల కాగితంలోనే ఉంటుంది, డిస్కు మీద అచ్చు వేసిన 6,650 అన్న హద్దు అది ఎంత అరిగినా మారదు. పెద్ద డిస్కును చిన్న యంత్రపు హెచ్చు చుట్ల కోసం తయారుచేయలేదు. అంత అరిగినది మధ్యలో ఎన్ని దెబ్బలు తిన్నదో, ఎక్కడ సన్నగా బీటలిచ్చిందో, గుండ్రంగానే అరిగిందో లేదో మన లెక్కలో ఎక్కడా లేదు. పెద్ద యంత్రం మీదే వాడితే ఆ అరిగిన డిస్కు అంచు వేగం సెకనుకు 43 మీటర్లకు దిగిపోతుంది. పాత డిస్కు మొద్దుబారిందని, సరిగ్గా కోయడం లేదని విసుక్కునేవారికి కారణం అక్కడ దొరుకుతుంది. చుట్లు అవే, ఎటొచ్చీ చుట్టుకు నడిచే దూరమే సగానికి దగ్గరగా తగ్గిపోయింది.